బల్బు ఒకటికి సబ్బు ఒకటి

బల్బుల ఫ్యాక్టరీ క్వార్టర్లు, ఏడో నంబరు గది
ఫిబ్రవరి 10

వదినకి,

చిట్టి నమస్కారాలు. ఇక్కడ నేనూ పాపా క్షేమం. నువ్వూ అన్నయ్యా క్షేమమని తలుస్తాను.

మీ సబ్బుల ఫ్యాక్టరీ కూడా జీతం బదులు సబ్బులే చేతిలో పెడుతోందని గంట డ్రైవరు చెప్పాడు. ఎప్పుడడిగినా "గంటలో బయల్దేరుతున్నా" అంటాడే, ఆ లారీ ఆయన. మొదట నమ్మలేదు. తర్వాత నవ్వొచ్చింది. మాకు బల్బులివ్వడం మొదలుపెట్టి ఇది నాలుగో నెల. డబ్బు మొహం చూసి ఎన్నాళ్లయిందో. మా మంచం కింద నూట పది బల్బులున్నాయి, గదిలో వెలిగేది మాత్రం ఒక్కటి.

ఇక్కడ స్టేషన్ ముందు ఖాళీ స్థలంలో రోజూ మార్పిడి జరుగుతుంది. ఆరు బల్బులిస్తే కిలో బియ్యం. ఊళ్లో ఎవర్ని చూసినా బల్బులే కాబట్టి వాటికి విలువ లేదు. అదే సబ్బులైతే మూడిస్తే చాలు, కిలో బియ్యం. అంటే ఒక సబ్బు రెండు బల్బుల పెట్టు. మీ దగ్గర ధరలు డ్రైవరుని అడిగాను. మీకు పన్నెండు సబ్బులిస్తే గాని కిలో రాదట, బల్బులైతే నాలుగు చాలట. అంటే అక్కడ ఒక బల్బు మూడు సబ్బుల పెట్టు. ఇది విన్నాక నాకు కూర్చున్నచోట కూర్చోబుద్ధి కాలేదు.

లెక్క చూడు. నా నలభై బల్బులకి ఇక్కడ ఆరున్నర కిలోల పైచిలుకు వస్తుంది. అవే నలభై సబ్బులైతే పదమూడు కిలోల పైమాటే. నీ నలభై సబ్బులకి అక్కడ మూడు కిలోలు దాటి కాస్త వస్తుంది. అవే నలభై బల్బులైతే పది కిలోలు. కాబట్టి మనిద్దరి మధ్యా బల్బు ఒకటికి సబ్బు ఒకటి. నాకు రెండింతలు, నీకు మూడింతలు. "చిట్టి మోసపోయింది" అంటావేమో, నీకు మూడింతలైతే నా సొమ్మేం పోయింది? మా ఆయన పోయాక నాకున్న పుట్టిల్లు మీరిద్దరే.

ఈ లారీలో నలభై పంపుతున్నాను. లారీ పదిహేను రోజులకోసారి వస్తుంది కదా, అలా చేసుకుందాం. పెట్టె నేనే కట్టాను. ప్యాకింగ్ బల్ల దగ్గర పన్నెండేళ్ల చెయ్యి ఇది, నిశ్చింతగా విప్పు. అన్నయ్యకి ఈ లెక్క చదివి వినిపించు. కూడికలో ఎక్కడైనా తప్పితే చిన్నప్పటిలాగా మొట్టికాయ వేయడానికి దూరంగా ఉన్నాననీ చెప్పు.

నీ
చిట్టి


సబ్బుల ఫ్యాక్టరీ వెనక వీధి, మెట్ల కింద గది
ఫిబ్రవరి 12

చిట్టికి వదిన ఆశీస్సులు.

పెట్టె అందింది. ఒక్కొక్కటీ కాగితంలో చుట్టి, రంపపు పొట్టులో పడుకోబెట్టి, ఎంత ముచ్చటగా కట్టావే. పసిపిల్లల్ని తీసినట్టు తీశాను. నలభైకి నలభై వెలిగాయి. అవును, నలభై బల్బులూ వెలిగించి చూశాను, నవ్వుకో.

నాలుగు బల్బులు పట్టుకుని పాత బడి మైదానానికి వెళ్తే నా చుట్టూ మూగారు. ఇక్కడ అందరి చేతుల్లోనూ సబ్బులే. ఒకావిడ సబ్బులిచ్చి చెప్పులు తీసుకుంటే, ఆ చెప్పులాయన సబ్బులిచ్చి నూనె తీసుకుంటాడు, నూనె మనిషి సబ్బులన్నీ ముందేసుకుని ఎవరికివ్వాలా అని దిక్కులు చూస్తుంటాడు. ఊరంతా ఇంత శుభ్రంగా ఎప్పుడూ లేదు, ఇంత ఆకలిగానూ లేదు.

నీ లెక్క మీ అన్నయ్యకి చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకున్నారు. "తప్పు లేదు. కానీ నాకు మూడింతలిచ్చి తను రెండింతలు పుచ్చుకుంటోంది, దీనికి లెక్కలొచ్చుగానీ బేరం రాదు" అన్నారు. సబ్బు ఉడికే బానల దగ్గరే కదా పని, ఆ ఆవిరికి కాస్త దగ్గు పట్టుకుంది. అంతకుమించి ఏం లేదు. ఇద్దరం క్షేమం.

నలభై సబ్బులు పంపుతున్నాను. పాపకి ముద్దులు.

వదిన


ఏడో నంబరు గది
ఫిబ్రవరి 24

వదినా,

నీ సబ్బులు మా ఇంట్లో ఏం చేశాయో విను. ముప్పై సబ్బులిచ్చి పది కిలోల బియ్యం తెచ్చాను. ఆరు సబ్బులకి పాపకి స్కూలు బూట్లు, ఒకరు వాడినవే గాని అడుగు గట్టిగా ఉంది. రెండింటికి కందిపప్పు. రెండు మేం వాడుకోవడానికి ఉంచుకున్నాం. పాప వాసన చూసి "మామయ్య చేసిన సబ్బా?" అని అడిగి, అరిగిపోతుందని చేతులు కడుక్కోవడం మానేసింది. నాలుగు దెబ్బలేస్తే గాని దారికి రాలేదు.

మళ్లీ నలభై పంపుతున్నాను. అన్నయ్య రెండు ముక్కలు రాయకూడదూ? ఆయన రాత చూసి ఏడాదైంది. దగ్గు తగ్గిందా?

చిట్టి


మెట్ల కింద గది
ఫిబ్రవరి 26

చిట్టికి,

ఇక్కడ ఇద్దరం క్షేమం. దగ్గు తగ్గుతోంది. మీ అన్నయ్యకి ఈ నెల రెండు షిఫ్టులు పడుతున్నాయి, ఇంటికి రాగానే పడుకుంటున్నారు. అందుకే రాయలేదు.

ఒక మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. ఈసారి పెట్టెలో అయిదు బల్బులు పగిలిపోయాయి. దారి బాగోలేదేమో. అందుకని ముప్పై అయిదు సబ్బులే పంపుతున్నాను. ఏమీ అనుకోకు.

పాపకి బూట్లు సరిపోయినందుకు చాలా సంతోషం.

వదిన


ఏడో నంబరు గది
మార్చి 10

వదినా,

అయిదు పగిలాయా! నా చేతి మీదుగా వెళ్లిన పెట్టెలో అయిదు పగలడం ఇదే మొదటిసారి. ఆ రోజంతా బల్ల దగ్గర తలెత్తలేకపోయాను. ఎవరికీ చెప్పలేదులే. ఈసారి పొట్టు రెండు వరసలు వేసి, మూలల్లో గుడ్డపేలికలు కుక్కాను. గంట డ్రైవరుకి కూడా నాలుగు తగిలించాను. పాపం, "నీ పెట్టె సీటు పక్కనే పెట్టుకున్నానమ్మా" అని ఒట్టేశాడు.

పగిలినవి పారేశావా? అడుగున ఇత్తడి టోపీ ఉంటుంది చూడు, అది పారేయకు. మా స్టోరులో ఆరు టోపీలు తిరిగిస్తే ఒక కొత్త బల్బు ఇస్తారు. ఉంటే పంపు. పగిలిందాన్లోనూ ఎంతో కొంత వెనక్కి రాబట్టుకుందాం.

అన్నయ్యకి రెండు షిఫ్టులేమిటి, ఈ వయసులో? ఫ్యాక్టరీలో గట్టిగా మాట్లాడమను. నలభై పంపుతున్నాను.

చిట్టి


మెట్ల కింద గది
మార్చి 12

చిట్టికి,

క్షేమం. ఈసారి తొమ్మిది పగిలాయి. నువ్వు కట్టడంలో లోపం లేదు, నేనే విప్పేటప్పుడు తొందరపడ్డానేమో. ముప్పై ఒక్క సబ్బులు పంపుతున్నాను. నువ్వడిగిన టోపీలు, పోయినసారివి అయిదు, ఈసారివి తొమ్మిది, మొత్తం పద్నాలుగు చిన్న సంచిలో ఉన్నాయి. రెండు బల్బులకి సరిపోను, ఇంకా రెండు టోపీలు మిగులుతాయి కదూ? నాకూ నీ పిచ్చి అంటుకున్నట్టుంది.

మీ అన్నయ్య నిన్ను అడిగానని చెప్పమన్నారు.

వదిన


ఏడో నంబరు గది
మార్చి 24

వదినకి,

సబ్బులూ టోపీలూ అందాయి. నలభై బల్బులు పంపుతున్నాను. ఈసారి ఎన్ని పగిలినా టోపీలు తప్పకుండా పంపు.

అన్నయ్య క్షేమమే కదా?

చిట్టి


మెట్ల కింద గది
మార్చి 26

చిట్టికి,

ఇంత పొట్టి ఉత్తరం రాశావేమే? పనెక్కువగా ఉందా? ఒంట్లో బాగుందా?

నా మీద కోపం రాకపోతే ఒక మాట. ఈసారి పదమూడు పగిలాయి. ఇరవై ఏడు సబ్బులు, పదమూడు టోపీలు పంపుతున్నాను. ఎలా జరుగుతోందో నాకూ తెలియడం లేదు. వచ్చేసారి నుంచి ఇలా జరగకుండా చూస్తాను.

మేం క్షేమం.

వదిన


ఏడో నంబరు గది
ఏప్రిల్ 7

వదినగారికి,

మీరు పంపిన పదమూడు టోపీలు నా ముందు బల్ల మీద ఉన్నాయి. చూస్తూ రాస్తున్నాను.

కొత్త బల్బుకి టోపీ కింద రెండు సీసపు చుక్కలుంటాయి. నున్నగా, గుండ్రంగా ఉంటాయి. ఒక్కసారి హోల్డర్‌లో పెట్టి తిప్పినా వాటి మీద గీత పడుతుంది. నెల్లాళ్లు వెలిగితే నల్లబడుతుంది. మొన్న మీరు పంపిన పద్నాలుగూ నల్లగానే ఉన్నాయి. రెండింటికి చిలుము కూడా పట్టింది. దారిలో పగిలిన కొత్త బల్బుకి చిలుమెలా పడుతుందో నాకు బోధపడలేదు. అయినా నా కళ్లదే పొరపాటనుకున్నాను.

అందుకని పోయినసారి పంపిన నలభై బల్బులకీ, మేం పెట్టెల మీద ముద్ర వేసే ఎర్ర సిరాతో, టోపీ అంచున చిన్న చుక్క పెట్టాను. మీరు పంపిన పదమూడింటిలో ఒక్కదానికీ చుక్క లేదు. ఇవి నా బల్బులవి కావు. ఎవరింట్లోవో మాడిపోయిన బల్బుల టోపీలు.

డ్రైవరుని అడిగాను. మీరు ఆయన ఎదుటే పెట్టె విప్పారట, ఒక్కటీ పగల్లేదట.

అడిగి ఉంటే ఇవ్వనా? "చిట్టీ, ఇక నుంచి నలభైకి ముప్పైయే ఇస్తాను" అంటే నేను కాదనే దాన్నా? మీరు పగిలాయన్న ప్రతిసారీ నా చెయ్యి పాడైందని ఏడ్చాను. పుట్టింటి వాళ్లతో కూడికలూ తీసివేతలూ పెట్టుకోవాల్సి వస్తుందనుకోలేదు.

అయిదు, తొమ్మిది, పదమూడు. మొత్తం ఇరవై ఏడు సబ్బులు. అవి వచ్చేదాకా బల్బులు పంపను. ఈ సంగతి అన్నయ్యకి తెలుసో లేదో నాకు తెలియదు. తెలియకపోతే మీరే చెప్పండి.

ఇట్లు
చిట్టి


మెట్ల కింద గది
ఏప్రిల్ 9

చిట్టీ,

ఇరవై ఏడు సబ్బులు పంపుతున్నాను. లెక్కపెట్టుకో. బల్బులు నా చేతిలోనే పగిలాయి. డ్రైవరు వెళ్లాక నేనే పెట్టె లోపల పెడుతూ జారవిడిచాను. నీకు చెప్పడానికి సిగ్గేసి మీ వదిన చేత అలా రాయించాను. టోపీలు చెత్తలో పోతే అది వాళ్లనీ వీళ్లనీ అడిగి తెచ్చింది. దాన్ని ఏమీ అనకు. దానితో "మీరు, గారు" అని మాట్లాడకు.

నీ కూడిక సరిగ్గా ఉంది. పాపకి ముద్దులు.

అన్నయ్య


ఏడో నంబరు గది
ఏప్రిల్ 21

అన్నయ్యకి,

నీ చేతి రాత చూసేసరికి నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఇరవై ఏడూ అందాయి. అందుకుంటుంటే చేతులు కాలినట్టనిపించింది. వాటిని ఇంకా ఎవరికీ ఇవ్వలేదు, సంచిలోనే ఉన్నాయి.

జారవిడిచానని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది కదా! నా దగ్గర నీకు సిగ్గేమిటి? చిన్నప్పుడు నా పలక మూడుసార్లు పగలగొట్టావు, మూడుసార్లూ గోడ మీద పిల్లి పడేసిందన్నావు. నీకు అబద్ధం అప్పుడూ చేతకాలేదు.

వదినకి నేను రాసిన ఉత్తరం చించెయ్యి. తనకి విడిగా రాయడానికి నాకు మొహం చెల్లడం లేదు. నా తరఫున నువ్వే బతిమాలు. నలభై బల్బులు పంపుతున్నాను. ఈసారి వీటికి బదులు ఏమీ వద్దు. ఇది జరిమానా అనుకోండి.

ఒక్కటి అడుగుతాను, దాచకు. నీ అక్షరాలు ఎందుకంత వంకరగా ఉన్నాయి? "చిట్టీ" అన్న చోట కలం రెండుసార్లు ఆగింది. నువ్వు సున్న చుడితే గుండ్రటి నాణెంలా ఉండేది. ఒంట్లో ఎలా ఉంది అన్నయ్యా? వెంటనే రాయి. డ్రైవరుతో మాటగా చెప్పినా చాలు.

చిట్టి


మెట్ల కింద గది
ఏప్రిల్ 23

చిట్టికి,

నీ ఉత్తరం మీ అన్నయ్య పేర వచ్చింది. నేను విప్పాను.

మీ అన్నయ్య మొన్న ఇరవయ్యో తారీఖు ఉదయం పోయారు. పాలు కాచి తెచ్చేలోపల. గ్లాసు పట్టుకుని పిలిచాను. పలకలేదు.

నీకు కబురు పంపడానికి లారీ తప్ప వేరే దారి లేదు. అది వచ్చేసరికి అన్నీ అయిపోయాయి. ఇరుగుపొరుగు వాళ్లే చూసుకున్నారు. నన్ను క్షమించమని అడగను. జరిగింది జరిగినట్టు రాస్తాను, అదే నేను చేయగలిగింది.

జనవరి చివర్లో దగ్గు మొదలైంది. బాన దగ్గర నిలబడలేకపోయారు. ఫిబ్రవరి నడిమి దాకా సగం జీతం సబ్బులిచ్చారు, ఆ తర్వాత పనికి రాని మనిషికి సబ్బులు లేవన్నారు. రెండు షిఫ్టులని నీకు రాసినప్పుడు ఆయన మంచం మీద ఉన్నారు. ఊపిరితిత్తులు పాడయ్యాయని డాక్టరు చెప్పాడు. వారానికో ఇంజెక్షన్ రాశాడు. కాంపౌండరు సబ్బులు ముట్టుకోడు, ఇంజెక్షన్‌కి మూడు బల్బులు.

నీకు రాస్తానని చాలాసార్లు అన్నాను. "రాయకు. చిట్టికి తెలిస్తే ఉన్న బల్బులన్నీ మూటకట్టి పంపేస్తుంది. పాప నోటి దగ్గరది లాక్కుని నేను బతకాలా?" అన్నారు. ఒట్టు పెట్టించుకున్నారు.

నీకు లెక్కలంటే ఇష్టం కదా, ఇదుగో నా లెక్క. పదిహేను రోజులకి మా ఇద్దరికీ ఆరు కిలోల బియ్యం, అంటే ఇరవై నాలుగు బల్బులు. రెండు ఇంజెక్షన్లకి ఆరు. నలభైలో ముప్పై పోతే మిగిలేది పది. పది బల్బులంటే మైదానంలో ముప్పై సబ్బులు. నీకు పంపాల్సినవి నలభై. ఎటునుంచి చూసినా పది తక్కువ. మొదటిసారి సగం జీతం చేతిలో ఉంది కాబట్టి అయిదుతో సరిపెట్టాను. తర్వాత తొమ్మిది అన్నాను. చివరిసారి ఆయన అన్నం తినలేక పాలు తాగుతుంటే పదమూడు అన్నాను. పగిలాయని రాయడం నా ఆలోచన. ఆయనకి తెలియదు. నీకు నలభై సబ్బులూ వెళ్తున్నాయనే అనుకున్నారు.

నీ ఉత్తరం వచ్చిన రోజు నేను మైదానంలో ఉన్నాను. డ్రైవరు దాన్ని ఆయన చేతికిచ్చాడు, మంచం సంగతి నీకు చెప్పనని ఆయనకి మాటిచ్చాడట. నేను వచ్చేసరికి మంచం మీద లేచి కూర్చుని ఉన్నారు.

"ఎన్ని పగిలాయి?" అన్నారు.

"ఒక్కటీ పగల్లేదు" అన్నాను.

"అనుకున్నా. అది కట్టిన పెట్టె పగలదు."

తిడతారనుకున్నాను. నవ్వారు. నవ్వుకి దగ్గొచ్చింది. అది ఆగాక, "ఎర్ర చుక్కలు పెట్టిందటే, చూశావా! దీన్ని ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టారుగానీ, ఫ్యాక్టరీ అప్పజెప్పినా నడిపేది" అన్నారు. అది కోపంగా రాసిన ఉత్తరం కదా, ఆయన మాత్రం నీ బడి మార్కులు చూసినట్టు చూశారు. నీకు రాయడానికి కాగితం అడిగారు. మూడుసార్లు ఆగి రాశారు. బల్బులు తనే జారవిడిచానన్నది నన్ను కాపాడటానికి చెప్పిన మాట. ఆయన ఆ పెట్టెని ఎత్తనైనా ఎత్తలేకపోయేవారు.

నీ నలభై బల్బులూ నిన్న వచ్చాయి. పెట్టె విప్పి చూశాను. ఒక్కటీ పగల్లేదు.

వదిన


ఏడో నంబరు గది
మే 5

వదినా,

ఈ ఉత్తరం ఎన్నిసార్లు మొదలుపెట్టానో. డ్రైవరు నీ ఉత్తరం ఇచ్చి, ఎప్పుడూ "గంటలో" అనే మనిషి, ఆ రోజు ఏమీ అనకుండా లారీ పక్కన చాలాసేపు నిలబడ్డాడు. విప్పకముందే నాకు అర్థమైంది.

పాపకి చెప్పాను. "మామయ్య దగ్గర సబ్బు వాసన వస్తుంది కదమ్మా" అంది.

వదినా, నేను నీ ఉత్తరం ఇరవైసార్లు చదివాను. నువ్వు అన్నీ రాశానన్నావు. ఒకటి రాయలేదు. నాకు కనపడకుండా పోతుందనుకున్నావా? నా బతుకంతా ఎన్ని ఉన్నాయి, ఎన్ని లేవు అని చూడటమే కదా.

ఏప్రిల్ ఏడున నేను బల్బులు పంపలేదు. ఆయనకి జీతం లేదు. మరి తొమ్మిదో తారీఖుకల్లా ఇరవై ఏడు సబ్బులు ఎక్కడివి? మీ మైదానంలో మూడు సబ్బులంటే ఒక బల్బు. ఇరవై ఏడు సబ్బులంటే తొమ్మిది బల్బులు. ఇంజెక్షన్‌కి మూడు. తొమ్మిది బల్బులంటే మూడు ఇంజెక్షన్లు.

నేను ఈ భాగహారం చేసి, కాగితం బోర్లించి, మళ్లీ తీసి చేశాను. ప్రతిసారీ మూడే వచ్చింది.

మూడు వారాలు ఆయనకి ఇంజెక్షన్ పడలేదా? నా సబ్బుల కోసం? సూటిగా చెప్పు వదినా. నన్ను ఓదార్చకు. అవి ఇంకా సంచిలోనే ఉన్నాయి. నేను వాటిని చూడలేకపోతున్నాను, పారేయలేకపోతున్నాను. నీకు "మీరు" అని రాసిన చెయ్యి ఇదే, దొంగని పట్టుకోవాలని నలభై చుక్కలు పెట్టిన చెయ్యి కూడా ఇదే. ఏ చుక్క పెట్టేటప్పుడూ "వదిన ఇలా ఎందుకు చేస్తోంది" అని ఒక్కసారి అనుకోలేదు. ఎన్ని అనే అడిగానుగానీ ఎందుకని అడగలేదు.

కొలిమి మరమ్మతుకని మా ఫ్యాక్టరీ పంతొమ్మిది నుంచి మూడు వారాలు మూస్తున్నారు. లారీలో మమ్మల్నిద్దర్నీ ఎక్కించుకుంటానని డ్రైవరు మాటిచ్చాడు. నువ్వు రమ్మంటే వస్తాను. వద్దంటే అర్థం చేసుకుంటాను. వచ్చేటప్పుడు నా దగ్గరున్న బల్బులన్నీ తెస్తాను, అరవై రెండున్నాయి. ఆ సబ్బులూ తెస్తాను. ఇంకేం కావాలో రాయి.

చిట్టి


మెట్ల కింద గది
మే 7

చిట్టీ,

సూటిగా అడిగావు, సూటిగానే చెబుతాను.

నీ భాగహారం సరైనదే. గోడ గడియారం ఇచ్చి తొమ్మిది బల్బులు తెచ్చి, ముందు ముందు మూడు వారాల ఇంజెక్షన్లకని పాత చీరలో చుట్టి దాచాను. ఆయనకి ఆ చోటు తెలుసు. నీకు ఉత్తరం రాశాక "అవి తీసుకెళ్లి సబ్బులు తీసుకురా" అన్నారు. ఇవి ఇంజెక్షన్లకని మొత్తుకున్నాను. "చిట్టి దగ్గర తీసుకున్నది ఇవ్వకుండా పోను" అన్నారు. నేను కదలకపోతే తనే చీర మూట పట్టుకుని గడప దాకా నడిచి, అక్కడ గోడ పట్టుకుని నిలబడిపోయారు. అప్పుడు తీసుకెళ్లాను. ఆ పదకొండు రోజులూ నేను ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో గిన్నెలు తోమాను, వాళ్లు పెట్టింది ఇంటికి తెచ్చుకుని తిన్నాం.

కానీ మూడు కాదు చిట్టీ, రెండు. పన్నెండో తారీఖుదీ పంతొమ్మిదిదీ పడలేదు. మూడోదాని రోజు వచ్చేసరికి ఆయన లేరు.

ఆ రెండూ పడి ఉంటే బతికేవారా అని కాంపౌండరుని అడిగాను. "లేదమ్మా, అవి ఆయాసం తగ్గించడానికే, ఊపిరితిత్తులు అప్పటికే పోయాయి" అన్నాడు. నిజమే చెప్పాడో, నా మొహం చూసి అలా అన్నాడో నాకు తెలియదు. అతనన్నది అన్నట్టు రాస్తున్నాను. ఆ చివరి వారం ఆయాసం ఎక్కువగానే ఉంది. అది కూడా దాచను. ఇంక నీకు ఏదీ దాచదలచుకోలేదు.

నువ్వు ఎందుకని అడగలేదంటున్నావు. అడిగితే నేను చెప్పేదాన్నా? ఇంకో అబద్ధం రాసేదాన్ని. అక్కడ నువ్వు నీ చెయ్యి పాడైందని ఏడుస్తుంటే, ఇక్కడ నేను ఇల్లిల్లూ తిరిగి మాడిపోయిన బల్బులు అడుక్కుని, వాటిని గుడ్డలో చుట్టి బండతో పగలగొట్టాను. నీ ఎర్ర చుక్కలు నేను చూశాను కూడా. ఫ్యాక్టరీ వాళ్ల గుర్తేమో అనుకున్నాను. మనిద్దరిలో ఎవరి వంతు ఎంతని తూచడం మొదలుపెడితే నువ్వూ నేనూ ఈ జన్మకి లేవలేం. ఆయన నీ ఉత్తరం మడిచి తలగడ కింద పెట్టుకున్నారు. పొద్దున్న లేవగానే తీసి, "తొమ్మిదీ అయిదూ పద్నాలుగు, పదమూడు కలిపితే ఇరవై ఏడు" అని చదివి, నవ్వి, మళ్లీ పెట్టుకునేవారు. అది కూడా నిజమే. దాన్ని కూడా నీ దగ్గర ఉంచుకో.

ఇక్కడ సాయంత్రాలు గడవడం లేదు. ఇద్దరికని అలవాటైన చెయ్యి, బియ్యం రెండు గ్లాసులు తీసి ఒకటి వెనక్కి పోస్తున్నాను.

రమ్మంటే వస్తానని రాశావు. ఇదేం మాట? రా. పాపని తీసుకుని రా. పంతొమ్మిదిన లారీ ఎక్కితే ఇరవయ్యిన నేను వీధి చివర నిలబడి ఉంటాను. అరవై రెండు బల్బులూ వద్దు, ఆ సబ్బుల సంచీ వద్దు. మైదానంలో ఇవ్వడానికిగానీ, నా చేతిలో పెట్టడానికిగానీ ఏదీ తేవద్దు.

చేతులూపుకుంటూ రా.

నీ
వదిన